పిల్లికి కొంచెం సీరియస్‌గా ఉంది

ఆ రోజుల్లో అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు. తలలో తెల్ల వెంట్రుక ఒక్కటి కూడా లేదు (ఉన్న ఒక్కటీ పీకేశాను). అయినా ఇంటర్మీడియట్ అయిపోయాక ఇంట్లో కూర్చున్న ఆ ఏడాదిని తలచుకుంటే అదేదో వెనకటి జన్మలో జరిగినట్టుంటుంది. ఆ రోజుల్లో మా కొత్తచెరువులో డాక్టర్ కావాలనుకునే పిల్లలు రెండు రకాలుగా ఉండేవాళ్ళు. నీట్‌లో ర్యాంకు తెచ్చుకుని వెళ్ళిపోయినవాళ్ళు ఒక రకం, తెచ్చుకోలేక తలుపు వేసుకుని మళ్ళీ అవే పుస్తకాలు తిరగేసేవాళ్ళు ఇంకో రకం. నేను రెండో రకంలో సీనియర్‌ని. అది వాన లేని ఏడాది కూడా (మా జిల్లాలో ఈ గుర్తు చెబితే ఏ ఏడాదో ఎవరికీ తెలియదు, అయినా చెబుతున్నాను). వేరుశనగ వేసినవాళ్ళు విత్తనం కూడా పోగొట్టుకున్నారు, పట్టుచీరలు కొనేవాళ్ళు కనబడకుండా పోయారు, చీరల వ్యాపారం చేసే మా నాయన పొద్దున్నే అంగడి తెరిచి, దుమ్ము దులిపి, మళ్ళీ అదే దుమ్ములో కూర్చునేవాడు. ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు. ఫెయిలైన పిల్ల ముందు నవ్వకూడదని అందరూ ఒక మాట అనుకున్నట్టుండేది. ఎవరైనా ఒకసారి నవ్వితే బాగుండునని నేను గదిలో కూర్చుని ఎదురుచూసేదాన్ని.

అలాంటప్పుడు బ్రిటన్‌లో నర్సుగా పనిచేసే మా చిన్నమ్మ (అమ్మకు చెల్లెలు) ఒక ఆదివారం వీడియో కాల్‌లో ప్రత్యక్షమై, "అక్కా, పాప చేత ఈడ మెడిసిన్‌కి అప్లై చేయించు" అంది. "ఈడ ర్యాంకు ఒగటే చూడరు, మనిషిని చూస్తారు. బయటి దేశం పిల్లలకని ఫీజు లేని సీటు ఒగటి ఉండాది. అది వస్తే నా ఇంట్లోనే ఉండి చదువుకుంటాది." అమ్మ నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, "మనిషిని చూస్తారంటే కష్టమేమే" అంది. అయినా అప్లై చేశాం. ఆ కాలేజీ ఉన్నది లండన్‌లో కాదు, ఇంకెక్కడో చలి ఊళ్ళో. మా ఇంట్లోవాళ్ళకు మాత్రం అది లండనే, ఎన్నిసార్లు సరిదిద్దినా లండనే.

అప్లికేషన్‌లో మొదటి ప్రశ్న, మీరు డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నారు అని. అంతవరకూ ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, నన్ను నేను కూడా అడగలేదు. నాయనను అడిగితే, "దాంట్లో ఏముండాది? మా నాయన కావల్ల అన్న్యాడు అని రాయి" అన్నాడు. చిన్నమ్మ తల పట్టుకుంది. "ముసలోళ్ళకు సేవ ఏమన్నా చేసినావామే?" అని అడిగింది. రోజూ సాయంత్రం తాత మోకాళ్ళకు నూనె రాస్తానని చెప్పాను. ఆవిడ దాన్ని ఇంగ్లీషులోకి మార్చాక చదివితే, నేను ఒక వృద్ధాశ్రమం నడుపుతున్నట్టు వచ్చింది. తర్వాత బెంగళూరు వెళ్ళి, ఏవో బొమ్మలూ లెక్కలూ పెట్టి మెదడును కొలిచే పరీక్ష ఒకటి రాసి వచ్చాను. నీట్‌లో కనబడని నా మెదడు అక్కడెలా కనబడిందో గానీ, కొన్ని వారాల తర్వాత ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. వీడియోలోనే ఇంటర్వ్యూ. నాయన ఆ రోజు అంగడి త్వరగా మూసేసి జిలేబీ తెచ్చాడు. తెచ్చి, తలుపు వేసుకుని తినమన్నాడు. పని కాకముందే దిష్టి తగులుతుందని, ఈ సంగతి ఇంటి గడప దాటకూడదని అందరి చేతా ఒట్టు వేయించాడు.

ఇక్కడ మా తాత గురించి చెప్పాలి. నాయనకు నాయన. వయసులో ఉన్నన్నాళ్ళూ మగ్గం నేసి, మోకాళ్ళు పోయాక అరుగు మీదికి చేరినవాడు. కానీ మా తాతకు ఊళ్ళో పేరు వచ్చింది మగ్గం వల్ల కాదు. మావైపు దగ్గరివాళ్ళు ఎవరైనా పోతే ఆ మాట ఫోన్‌లో చెప్పరు. ఫోన్‌లో చెప్పడం మర్యాద కాదు, ఒంటరిగా ఉన్న మనిషి విని గుండె ఆగి పడిపోతే ఎవరు జవాబుదారీ? అందుకని ఒక మనిషి వెళ్ళాలి. వెళ్ళినా చచ్చిపోయారని చెప్పకూడదు, కొంచెం సీరియస్‌గా ఉందని చెప్పి వెంటబెట్టుకుని రావాలి. మా వీధి మొత్తానికీ ఆ పని తాతది. దగ్గరైతే మోపెడ్ మీద, దూరమైతే బస్సులో. వెళ్ళి కూర్చుంటాడు, మంచినీళ్ళు అడుగుతాడు, వానలెట్లున్నాయంటాడు, అన్నం తిన్న్యారా అంటాడు. తినకపోతే తినిపిస్తాడు. ఆ తర్వాత మెల్లగా, "కొంచెం సీరియస్‌గా ఉండాదంట, బయల్దేరు నాయనా" అంటాడు. ఆయన అంత మెత్తగా ఇంకెవరూ చెప్పలేరని జిల్లా దాటి కూడా పేరు. అందరూ ఆయన్ను టెలిగ్రామ్ తాత అనేవాళ్ళు. ఎక్కడి కబురునైనా ఆయన్నే పిలిచి పంపేవాళ్ళు, వానలు లేని ఏళ్ళలో ఇంకొంచెం ఎక్కువగా పంపేవాళ్ళు.

ఈ కీర్తి వల్ల తాత బతుకు ఎంత దిగులుగా తయారైందో బయటివాళ్ళకు తెలియదు. ఆయన మోపెడ్ ఏ వీధిలోకి తిరిగినా ఆ వీధిలో ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి, అది తమ ఇల్లు దాటిపోయేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. విడపనకల్లులో మా చుట్టాల ఇంట్లో పెళ్ళికి వెళితే, ఆయన్ను గేటు దగ్గర చూసిన పెళ్ళికొడుకు మేనమామ అక్కడే కూలబడ్డాడు. చదివింపులకు వచ్చినానప్పా అని తాత ఎంత చెప్పినా, ముందు అన్నం తిననీ, తర్వాత చెబుదువుగానీ అని ఏడ్చాడట. అప్పటినుంచి తాత పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశాడు. పిల్లలున్న ఇళ్ళకూ, బాలింతలున్న ఇళ్ళకూ ఆయనే వెళ్ళేవాడు కాదు. ఆ ఏడాది ఒక సాయంత్రం నేను మోకాళ్ళకు నూనె రాస్తుంటే, "పాపా, నీకు ఆ లండన్ సీటు వస్తే మాత్రం ఎవరికీ ఫోన్ చెయ్యొద్దు" అన్నాడు. "ఆ కబురు నేనే మోస్తా. అన్ని ఊర్లూ తిరిగి నేనే చెప్తా. సచ్చేలోగా ఒగ మంచి కబురన్నా మోసినానని ఉండల్ల నాకు." నాకు సీటు ఎందుకు కావాలో అంతకుముందు ఎవరైనా అడిగి ఉంటే చెప్పలేకపోయేదాన్ని. ఆ సాయంత్రం తర్వాత చెప్పగలిగేదాన్ని, కానీ అప్లికేషన్ అప్పటికే పంపేశాం.

ఇంటర్వ్యూలో వరసగా చిన్నచిన్న గదులుంటాయని, ఒక్కో గదిలో ఒక్కో పరీక్ష అని చిన్నమ్మ చెప్పింది. ఒక గదిలో నటి ఒకామె ఏదో వేషంలో వస్తుంది, ఆమెకు చెడ్డ కబురు చెప్పాలి, ఎలా చెబుతామో చూసి మార్కులు వేస్తారు. ఈ మాట వినగానే అమ్మా నాయనా ఒకేసారి తాత వైపు తిరిగారు. ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు, బయాలజీ రాదు, లండన్ ఎటువైపుందో తెలియదు. చెడ్డ కబురు మాత్రం, దాంట్లో మాకు జిల్లాలోనే మొదటి స్థానం. చిన్నమ్మ అవతలినుంచి, "సూటిగా చెప్పల్ల పాపా, ఈడ సుట్టూ తిప్పితే ఒప్పుకోరు" అని అరుస్తూనే ఉంది. "దానికేం తెలుసు, ఆడికి పోయి అంతా మరిచిపోయింది" అని అమ్మ ఫోన్ పెట్టేసింది.

ఆ రోజునుంచి అరుగు మీద నా శిక్షణ మొదలైంది. తాత కబురు ఇంకా తెలియని ఇల్లాలిలా కూర్చునేవాడు, నేను కబురు మోసుకొచ్చేదాన్ని. "పోయినారు" అని నేను అనబోతే చెయ్యి ఎత్తి ఆపేవాడు. "అంత గబగబా ఏంది? ముందు నీళ్ళడుగు. నీళ్ళు తెచ్చేదానికి లోపలికి పోతాదా, ఆమెకు కాళ్ళు కదులుతాయి. నీళ్ళు మొత్తం తాగొద్దు, సగం పెట్టు. మల్ల తిన్నెవా అని అడుగు." తినిందంటే ఏం చేయాలి, తినలేదంటే ఏం చేయాలి అన్నీ చెప్పాడు. ఆమె గుచ్చిగుచ్చి అడిగితే? "కొంచెం సీరియస్ అంతే. దాన్ని దాటి ఒగ మాట కూడా పోవద్దు." చివరికి నేనెంత బాగా నేర్చుకున్నానంటే, ఒకరోజు సరదాకి కూరగాయల ఆమె దగ్గర కూర్చుని మంచినీళ్ళు అడిగి, తిన్నావా పెద్దమ్మా అనేసరికి ఆమె తక్కెడ వదిలేసి, "ఎవరికేమైంది?" అని గుండెలు పట్టుకుంది. తాతకు చెబితే, "చేయి తిరిగింది" అన్నాడు, పెద్ద సంతోషమేమీ లేకుండానే.

ఇంటర్వ్యూ రోజు మధ్యాహ్నం. మావాళ్ళు నా వెనక గోడ బోసిగా ఉందని అంగట్లోంచి మంచి కుంకుమరంగు పట్టుచీర తెచ్చి తెర కట్టారు. సీటు రాకపోయినా చీర అమ్ముడుపోతుందేమో అన్నట్టుంది అది చూస్తే. అసలు ఇబ్బంది మగ్గాలు. మాది నేతగాళ్ళ వీధి, అటూ ఇటూ ఇళ్ళలో పగలంతా మగ్గాలు టకటకలాడుతూనే ఉంటాయి, వాటి మధ్య ఇంగ్లీషు ఎవరికి వినబడుతుంది? నాయన ఇంటింటికీ వెళ్ళి, ఒక గంటసేపు మగ్గం ఆపమని అడిగాడు. ఎందుకప్పా అంటే దిష్టి భయం కదా, చెప్పలేడు. అబద్ధం చెప్పడం కూడా రాదు. తల వంచుకుని, "ఇంట్లో కొంచెం... ఒగ గంట ఆపండప్పా" అని వెనక్కి వచ్చేశాడు. వీధి వీధంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను, అమ్మ దేవుడి ముందు కూర్చుంది, ఎవరూ లోపలికి రాకుండా తాత తలుపు మూసి అరుగు మీద కాపలా కూర్చున్నాడు. మాకు ఎవరికీ తట్టని సంగతి ఒకటుంది. మా వీధిలో మగ్గాలన్నీ ఒకేసారి ఆగేది ఒక్కందుకే. ఎవరైనా పోతే, శవం లేచేదాకా ఎవరూ మగ్గం తొక్కరు.

మొదటి గదులు బాగానే గడిచాయి. తర్వాత తెర మీద ఒక చీటీ వచ్చింది: మీరు కారు వెనక్కి తీస్తుండగా పక్కింటావిడ పిల్లి చక్రం కింద పడి చనిపోయింది, ఆవిడకు ఆ సంగతి చెప్పండి. ఆ చీటీ రెండుసార్లు చదివాను. తాతా నేనూ తండ్రులను చంపాం, అత్తలను చంపాం, గల్ఫ్‌లో ఉన్న అన్నలను కూడా చంపాం గానీ, పిల్లి సంగతి అనుకోలేదు. మావైపు పిల్లి పోతే చెప్పడానికి మనిషిని పంపరు. ఇంతలో ఒక నడివయసు ఆవిడ తెర మీదికి వచ్చి, తలుపు తీసినట్టు నటించి, నవ్వుతూ, ఏమిటి ఇలా వచ్చావని అడిగింది. పిల్లిని మనిషి కిందే లెక్కగట్టాలని ఆ క్షణంలో తీర్మానించుకున్నాను.

"ఊరికే వచ్చాను. కొంచెం మంచినీళ్ళిస్తారా?" అన్నాను ఇంగ్లీషులో. ఆవిడ ఒక క్షణం తడబడి, లేని గ్లాసు ఒకటి తెర వైపు చాచింది. నేను అందుకుని, సగం తాగి, పక్కన పెట్టాను. మీ దగ్గర వానలెలా ఉన్నాయన్నాను. "రోజూ పడుతూనే ఉంది" అంది ఆవిడ విసుగ్గా. ఆ విసుగు చూసి నాకు ఇంటర్వ్యూ సంగతి మరిచిపోయేంత కుళ్ళు పుట్టింది. మళ్ళీ తేరుకుని, తిన్నారా అని అడిగాను. ఇంకా పొద్దున తొమ్మిదే కదా అంది. "అయితే తినండి. మీరు తినేదాకా నేను కూర్చుంటాను" అన్నాను. ఆవిడకు లోపల ఎక్కడో భయం మొదలైంది. నటనో నిజమో తెలియదు గానీ, మొహంలో రంగు మారింది. ఇదే సమయమని, గొంతు తగ్గించి, "మీ పిల్లికి కొంచెం సీరియస్‌గా ఉంది" అన్నాను.

"అయ్యో! ఎక్కడుంది?"

"పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు."

"బతుకుతుందా?"

"మీరు బయల్దేరండి. రెండు రోజులకు సరిపడా బట్టలు పెట్టుకోండి."

అవతల ఏం జరుగుతోందో నాకు తెలుసు, బయట ఏం జరుగుతోందో తెలియదు. మగ్గాలు ఆగిపోవడం చూసి జనం ఒక్కొక్కరే మా ఇంటి ముందుకు చేరారట. తలుపులు మూసి ఉన్నాయి. నాయన తల వంచుకుని తిరిగింది అందరూ చూశారు. తాత ఎదురుగానే ఉన్నాడు కాబట్టి ఆయనకేం కాలేదు. ఇక ఇంట్లో మిగిలింది ఎవరు? రెండుసార్లు ఫెయిలై, నెలల తరబడి తలుపు వేసుకుని చదువుకుంటున్న పిల్ల. అలాంటి వార్తలు అప్పుడప్పుడూ పేపర్లో వస్తూనే ఉన్నాయి కదా. ఎదురింటి పెద్దమ్మ తాత దగ్గరికి వచ్చి, "ఏమైంది మామా? పాప యాడ?" అని అడిగింది. తాతకు ఒట్టు ఉంది, ఇంటర్వ్యూ అని చెప్పకూడదు. ఏం చెప్పాలో తోచక, జన్మంతా నోటికి అలవాటైన మాటే అనేశాడు. "ఏంలేదులేమ్మా. నువ్వు తిన్నెవా?"

మా వీధిలో తాత నోటినుంచి ఆ మాట వస్తే ఇక అడగాల్సింది ఏమీ ఉండదు. సరిగ్గా తెర మీద ఆవిడ నా కళ్ళలోకి చూస్తూ, "నిజం చెప్పు. నా పిల్లి చచ్చిపోయిందా?" అని అడిగిన క్షణానికే, బయట పెద్దమ్మ గుండెలు బాదుకుంటూ శోకం ఎత్తుకుంది. "బంగారట్లాంటి పిల్లను చదువు చదువని చంపుకుంటిరి కదప్పా!" ఆ వెంటనే మిగతావాళ్ళు అందుకున్నారు. తాత చేతులూపి వద్దంటుంటే, ఓదారుస్తున్నాడనుకున్నారట. నేను బతికుండగానే నా మీద పెట్టిన శోకం విన్నాను. ఒక నిమిషం దాకా అది నా కోసమని నాకు అర్థం కాలేదు. నటి వేషం వదిలేసి మామూలు మనిషిగా ముందుకు వంగి, "అమ్మాయ్, మీ ఇంట్లో ఏమైంది? నువ్వు బాగానే ఉన్నావా?" అని అడిగింది. ఉన్నానని చెప్పి ఉంటే సరిపోయేది. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "ఎవరికీ ఏం కాలేదు, మీరు మాత్రం తొందరగా బయల్దేరండి" అని. ఆ గదికి గడువైపోయినట్టు గంట మోగింది. తర్వాతి గదుల్లో నన్ను ఏం అడిగారో, నేనేం చెప్పానో ఇప్పటికీ గుర్తు లేదు.

అంతా అయ్యాక తలుపు తీసి బయటికి వస్తే జనమంతా నన్ను చూసి నిలువునా బిగుసుకుపోయారు. పెద్దమ్మ పరుగున వచ్చి వాటేసుకుంది. వాటేసుకుని, ఇంత కంగారు పెట్టినందుకు వీపు మీద ఒకటి గట్టిగా చరిచింది కూడా. అందరూ నవ్వారు. ఎన్ని నెలల తర్వాతో మా ఇంటి ముందు నవ్వు వినబడింది, నేను కోరుకున్నదే. కానీ నాకు నవ్వు రాలేదు. నేను పోయానంటే వీధిలో ఒక్కరు కూడా అయ్యో అలా ఎందుకు చేస్తుంది అనుకోలేదు, చేసే ఉంటుందని అందరూ ఇట్టే నమ్మేశారు. అది నాకు చాలా కష్టంగా అనిపించింది. లోపలికి వెళ్ళి పట్టుచీర తెర వెనక్కి చేరి ఏడ్చాను. అమ్మ వచ్చి, ఏడిస్తే ఏడువు గానీ చీర తడపొద్దంది. ఆవిడ కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

కొన్ని వారాలకు కాలేజీ నుంచి జవాబు వచ్చింది. మర్యాదగా, మెత్తగా, నాలుగే వాక్యాల్లో సీటు లేదన్నారు. పోనీలే, వాళ్ళకైనా సూటిగా చెప్పడం వచ్చు. అమ్మకూ నాయనకూ చెప్పడం పెద్ద కష్టం కాలేదు, నా మొహం చూసి వాళ్ళే తెలుసుకున్నారు. మిగిలింది తాత. ఆ మధ్య ఆయనకు ఆయాసం ఎక్కువై మోపెడ్ ఎక్కడం తగ్గించాడు. అయినా రోజూ దాన్ని తుడిచి పెట్టుకునేవాడు. అరుగు మీదికి వెళ్ళి పక్కన కూర్చున్నాను. "తాతా, కొంచెం నీళ్ళిస్తావా?" అన్నాను. ఆయన చెంబు ఇచ్చాడు. సగం తాగి పెట్టాను. ఎండ బాగా ఉందన్నాను. తిన్నావా అన్నాను.

తాత చెంబులో మిగిలిన సగం నీళ్ళ వైపు చూశాడు. "రాల్యా?" అన్నాడు. తల ఊపాను. "ఆ ఆడమనిషికి పిల్లి సంగతి చెప్పల్యాకపోతివే, అందుకేనా?" అన్నాడు. అందుకేనన్నాను. అప్పుడు ఆయన తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని, నా వైపు చూడకుండా చెప్పాడు. "పాపా, నీకు నేను నేర్పించిందంతా తప్పు. నేను నీళ్ళడిగేది ఆళ్ళ కోసమని అందరూ అనుకుంటారు. కాదు. నాకే గొంతు ఎండిపోతాది, మాట పెగల్దు. తిన్నెవా అంటే ఆ కాసేపన్నా తప్పించుకోవచ్చని. ఇంతమందికి చెప్పినానా, పోయినాడు అనే మాట నా నోట్లోనుంచి ఒగసారి కూడా రాల్యా. చెప్పడం చేతగాకనే సీరియస్ అంటాంటి. ఊరోళ్ళు దాన్ని పెద్ద పని అనుకున్నారు. నేను కాదని చెప్పల్యాకపోతి."

అదీ సంగతి. తాత పిరికితనాన్ని మేము విద్య అనుకున్నాం. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, పట్టుచీర తెర కట్టి, ఒక బ్రిటిష్ మెడికల్ కాలేజీకి సమర్పించుకున్నాం. ఆ సాయంత్రం నేనూ తాతా కలిసి కొంచెం నవ్వుకున్నాం. నవ్వులో ఆయాసం వచ్చి ఆయన ఆపేశాడు. తర్వాత, "మంచి కబురు లేకపాయనే" అని తనలో తాను అనుకున్నాడు. నా సీటు పోయినందుకన్నా ఆ మాటకు నాకు ఎక్కువ దుఃఖం వచ్చింది. నీట్ మళ్ళీ రాస్తానని ఆ రోజు తాతకు చెప్పాను. ఆయన నమ్మాడని అనుకోను. ఇంకోసారి అదే గదిలో తలుపు వేసుకోవాలంటే నాకే భయమేసింది. ఈసారి తలుపు తీసి పెట్టుకుని చదివాను (పెద్దమ్మ రోజుకు నాలుగైదు సార్లు తొంగిచూసి పోయేది).

మరుసటి ఏడాది కర్నూలులో సీటు వచ్చింది. నాయన ఫోన్ తీయబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. తాతకు మోపెడ్ నడిపే ఓపిక లేదు, బస్సులో అంతదూరం వద్దని అమ్మ మొత్తుకుంది. ఆయన అప్పటికే ఉతికిన పంచ కట్టుకుని, చెప్పులు వేసుకుని గడపలో నిలబడి ఉన్నాడు. మొదటి కబురు గుమ్మఘట్టలో ఉన్న చెల్లెలికే చెప్పాలన్నాడు. బస్సులు మారి వెళ్ళాం. దారి పొడవునా ఎండిపోయిన చేన్లే. తాత మాత్రం కిటికీ పక్కన కూర్చుని పెళ్ళికి పోతున్నవాడిలా ఉన్నాడు.

ఆ అవ్వ వాకిట్లో చాటలో బియ్యం ఏరుకుంటోంది. తల ఎత్తి అన్నను చూసింది. చాట అక్కడే జారిపోయింది. తాత మెల్లగా అరుగు మీద కూర్చుని, "కొంచెం నీళ్ళియ్యి చెల్లీ" అన్నాడు. నిజంగానే దాహమేసిందట, తర్వాత చెప్పాడు. ఆమె కదల్లేదు. ఆయన చెప్పాలనే నోరు తెరిచాడు. గొంతు పెగల్లేదు. సీటు అనే మాట సగం వచ్చి ఆగిపోయింది, కళ్ళ నిండా నీళ్ళొచ్చేశాయి. చివరికి ఏమీ తోచక, "తిన్నెవా?" అన్నాడు. అంతే, అవ్వ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, "ఏనాయ్తప్పా! ఎవరు పోయినారప్పా!" అని ఎత్తుకుంది (ఆ వైపు ఏడుపు కూడా సగం కన్నడంలోనే వస్తుంది). చుట్టుపక్కల ఇళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. తాత నా వైపు చూశాడు. అంత దీనంగా ఆయన నన్ను ఎప్పుడూ చూడలేదు. నేను అవ్వ ముందు కూర్చుని, రెండు చేతులూ పట్టుకుని, "ఎవరూ పోలేదవ్వా. నాకు డాక్టర్ సీటొచ్చింది. కర్నూల్లో. తాత నీకు చెప్పేదానికే వచ్చినాడు" అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

అవ్వ నన్ను చూసింది, అన్నను చూసింది. "ఈ మాట చెప్పేదానికి ఏడుస్తావా నువ్వు?" అని అన్న భుజం మీద ఒకటి వేసింది. వేసి, మళ్ళీ ఏడ్చింది. మొదలుపెట్టిన ఏడుపు మధ్యలో ఎట్లా ఆపేదని చుట్టూ చేరినవాళ్ళను అడిగింది. వాళ్ళలో ఇద్దరు కూడా కాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, నాకు బొట్టు పెట్టి పంపారు. తిరుగు బస్సులో తాత ఇంకా వెళ్ళాల్సిన ఊళ్ళ పేర్లు చెబుతూ కూర్చున్నాడు. "నీ నోరు బాగుండాది పాపా. నేను ముందు పోయి కూర్చుంటా, నువ్వు చెప్పు" అన్నాడు. సరేనన్నాను. అవన్నీ తిరగలేకపోయాం. నా మొదటి ఏడాది పరీక్షలకు ముందే తాత పోయాడు. నాయన హాస్టల్‌కి ఫోన్ చేసి ఒక్క ముక్కలో చెప్పేశాడు. దాన్ని ఇంకోలా చెప్పగలిగిన మనిషి మా వీధిలో ఇక మిగల్లేదు.

ఇప్పుడు హౌస్‌సర్జన్‌గా ఉన్నాను. వార్డులో ఆ కబురు చెప్పాల్సిన పని తరచుగా నా మీదే పడుతుంది, మిగతావాళ్ళు ఎలాగో తప్పించుకుంటారు. నేను ఎదురుగా కూర్చుని సూటిగానే చెబుతాను, పోయినారనే చెబుతాను. ఆ బ్రిటిష్ కాలేజీవాళ్ళు ఇప్పుడు చూస్తే నాకు మంచి మార్కులే వేస్తారు. బయట మనుషులు తన కోసం ఏడుస్తుంటే, అవతల ఎవరిదో పిల్లి చచ్చిపోయిందని చెప్పడానికి నోరు రాక, ఆమెకు తినమని బతిమాలిన ఆ పద్దెనిమిదేళ్ళ పిల్లకు మాత్రం వాళ్ళు ఎప్పటికీ వెయ్యరు. నేనైతే వేస్తాను.